ముఖ్యమౌ ఫైలుకు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యములు

అవతారిక

మాదాపురమున సైబర్ టవర్స్ అను వర్తులాకార భవనమును 1998 నవంబరు 22వ తేదీన ప్రధానమంత్రి వాజపేయి ప్రారంభించిన నాటినుండి, ఆ బండరాళ్ల నడుమ మొలచిన అద్దాల మేడలు గచ్చిబౌలి, నానక్‌రాంగూడల దాక ప్రాకి, పరదేశపు బ్యాంకుల లెక్కలను, ఆసుపత్రుల పట్టికలను, విమానముల టిక్కెట్లను రేయింబవళ్లు కాచుచున్నను, ఆ కాచువారి స్వంత పెండ్లి ఫొటోలు మాత్రము ఒకే ఒక్క ల్యాప్‌టాప్‌లో దిక్కులేక పడియుండుట మనమెరుగని విషయము కాదు. అట్టివారి హితముగోరి ఈ పద్యము పుట్టినది. ఇందలి 3-2-1 అను సూత్రము పీటర్ క్రో అను అమెరికా ఫొటోగ్రాఫరు గ్రంథమువలన ప్రచారమునకు వచ్చినది. దానిని ఆటవెలదిలోనికి దింపిన సాహసమును, నాలుగవ పాదము చేర్చిన స్వాతంత్ర్యమును ఈ వ్యాఖ్యాతవి. మెదకు సీమలోని కొల్చారమువాడని ప్రసిద్ధుడైన మల్లినాథసూరి, మూలమున లేనిది వ్రాయనని ప్రతిజ్ఞపట్టి కాళిదాసునకు వ్యాఖ్య రచించెను. ఇచట మూలకర్తయు వ్యాఖ్యాతయు ఒక్కడే యగుటచే ఆ ప్రతిజ్ఞ నిలుపుకొనుట మిక్కిలి సులభము.

మూలము

మూడు ప్రతులు వలయు ముఖ్యమౌ ఫైలుకు
రెండు మాధ్యమముల నుండవలయు
ఒకటి యూరి వెలుప లుంచుట మేలగు
తిరిగి తీయలేని దెల్ల సున్న

ప్రతిపదార్థము

ముఖ్యమౌ = పోయినయెడల మరల సంపాదింప శక్యము కానట్టి; ఫైలుకు = దస్త్రమునకు; మూడు ప్రతులు = మూలముతో కూడ మూడు (మూలమును విడిచి మూడని కొందరందురు; అది డబ్బున్నవారి మతము); వలయు = కావలెను; రెండు మాధ్యమములన్ = ఒకే కారణమున చెడిపోని రెండు విధముల వస్తువులయందు; ఉండవలయు = నిలువవలెను; ఒకటి = అందొక ప్రతి; ఊరి వెలుపల = ఒకే ఆపద రెంటిని ముట్టజాలనంత దూరమున; ఉంచుట మేలగు = ఉంచుట శ్రేయము; తిరిగి తీయలేనిది ఎల్ల = రిస్టోరు కాని ప్రతి యంతయు; సున్న = లేనిదానితో సమానము.

తాత్పర్యము

స్పష్టము.

విశేషములు

"ముఖ్యమౌ" అను విశేషణము పాదపూరణమునకు పడినది కాదు. ఎంతకాలపు పని పోయినను సహింపగలము, పోయినది ఎంతసేపటిలో తిరిగి రావలెను అను రెండు ప్రశ్నలకు జవాబు తెలియక బ్యాకప్ సామగ్రి కొనువాడు, నెలకొకసారి మార్చు చిరునామాల పట్టికకును, నిమిషమునకు నూరు మార్పులు పొందు ఖాతాల పుస్తకమునకును ఒకే మందు పోయును. సినిమాలకు ప్రతులు తీయనక్కరలేదు. అవి లోకమంతట ప్రతులుగానే యున్నవి. అయితే ముఖ్యమైనది మిక్కిలి పెద్దదైనచో నేమి సేయవలెను? దక్షిణ కొరియా ప్రభుత్వము తన ఉద్యోగులు దస్త్రములు దాచుకొను జి-డ్రైవ్‌నకు, అది అతి పెద్దది గనుక వేరొక చోట ప్రతి యుంచలేదు. 2025 సెప్టెంబరు 26న దేజన్ నగరపు డేటా కేంద్రమున బ్యాటరీలనుండి నిప్పు పుట్టి 858 టెరాబైట్లు బూడిదయ్యెను. పెద్దదనము సాకు కాదని గ్రహింపవలెను.

"రెండు మాధ్యమముల" అనుచోట శంక: నా ఫైళ్లన్నియు క్లౌడ్‌తో ఎప్పటికప్పుడు సింక్ అగుచున్నవి గదా, వేరే ప్రతి యెందులకు? సమాధానము: సింక్ అనునది అద్దము, ముఖమున మసి పడిన క్షణముననే అద్దమునను పడును. పొరపాటున చెరిపిన ఫైలు అచటను చెరుగును. పాత వెర్షన్లు నిలుచు గడువు దాటిన పిదప తెలిసికొన్నవానికి ఏడ్చుటకు రెండు చోటులు దొరకును. 2017 మే నెలలో వన్నాక్రై అను రాన్సమ్‌వేరు ప్రపంచమును చుట్టబెట్టి ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లను సైతము పట్టి, ఫైళ్లకు తాళము వేసి బిట్‌కాయిన్లలో సుంకమడిగెను. పోలీసువారినే అడిగిన ధైర్యము మెచ్చదగినది. ఇట్టి తెగులు నెట్‌వర్కులో చేయి సాచిన మేర నున్న ప్రతులనెల్ల తినివేయును గనుక, ఒక ప్రతియైనను తీగ పీకి, ప్లగ్గు తీసి, బీరువాలో నిద్రపుచ్చవలెను. తిరుగు హార్డ్ డిస్కు క్రింద పడిన చెడును. ఎస్‌ఎస్‌డి విద్యుత్తు లేక చిరకాలముండిన మరచును. క్లౌడ్ ఖాతా, క్రెడిట్ కార్డు గడువు తీరి బిల్లు కట్టబడనిచో మూతపడును. ఒక్కొక్కదాని చావు ఒక్కొక్క తీరు. కావున రెండు డిస్కులు కొని రెండు మాధ్యమములనుకొనుట తగదు.

ఈ ధర్మమును మనకు మొదట ఆచరించి చూపినవారిలో సి.పి. బ్రౌన్ దొరను స్మరింపక తప్పదు. కడపలో పండితులకు జీతములిచ్చి, తాటాకులపై శిథిలమగుచున్న కావ్యములను తెప్పించి, పాఠములు సరిచూపించి, కాగితముపై ఎత్తి వ్రాయించి, ఆ సంచయమును తన బంగళాలోనే మూటగట్టి యుంచక చెన్నపట్నపు లిటరరీ సొసైటీకి అప్పగించెను. కాగితమును చెదలకు ఇష్టమే గాని, కడప తాటాకును చెన్నపట్నపు కాగితమును ఒకేనాడు చెదలు తినుట అరుదు. మూడు పాదముల అర్థమును ఆయన ఒక్క కంప్యూటరును చూడకయే నెరవేర్చెను.

"ఊరి వెలుపల" అనుదానిపై వ్యాఖ్యాతలకు వివాదము మెండు. సాయంకాలము రాయదుర్గము మెట్రో మెట్లపై, మెడలో గుర్తింపు కార్డు వ్రేలాడ, దిగుచున్న ఉద్యోగి భుజముపై సంచి చూడుడు: అందు ల్యాప్‌టాప్, దానిని అంటుకొని అదే జిప్పు అరలో, నల్లని హార్డ్ డిస్కు. దొంగకు ఒక్క సంచియే చాలును. ఇతడు రెండు ప్రతులున్నవాడని గర్వించును. ఇంకొకడు తెలివిమంతుడు, క్లౌడ్ అనగా ఆకాశమని తలచి, 2022 నవంబరులో అమెజాన్ సంస్థ తెరచిన హైదరాబాద్ రీజియన్‌నే వేగముగా నుండునని ఎన్నుకొని, మూలమును ప్రతిని రెంటిని అచటనే పెట్టును. ఆ రీజియన్‌లో వేర్వేరు భవన సముదాయములున్నవి, నిజమే; ఒక భవనము కాలినను నిలుచును. కాని వాని కార్యాలయము, వాని ఇల్లు, వాని మేఘము ఒకే ఊరి వాన క్రింద నున్నవి. 2020 అక్టోబరు 13 రాత్రి ఆ వాన యెట్టిదో ఈ నగరము చూచినది. ముంబయి సంస్థలు సముద్రమునకు వెరచి, దక్కను పీఠభూమిపై భూకంపభయము తక్కువయని, తమ రెండవ డేటా కేంద్రమునకు భాగ్యనగరమును వెదకుకొని వచ్చుచుండ, భాగ్యనగరవాసి ముంబయిని వెదకుకొనకుండుట విచిత్రము.

ఇక నాలుగవ పాదము. మొదటి మూడింటిని అమీర్‌పేట శిక్షణాలయములలో కంఠస్థము చేయింతురు. దీనిని ఎవరును అడుగరు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థ ఇంజనీరొకడు అలసియున్న వేళ ఒక సర్వరనుకొని వేరొక సర్వరు డేటాబేసును చెరిపివేసెను. సంస్థకు ఐదు విధముల బ్యాకప్, రెప్లికేషన్ ఏర్పాట్లుండెను. విప్పి చూడగా అందొక్కటియు నమ్మదగినట్లు పనిచేయుట లేదు. చెరుపుటకు ఆరు గంటల ముందు, మరియొక పనికై, చేతితో తీసిన స్నాప్‌షాట్ దొరకుటచే బ్రతికిరి. బ్యాకప్ పూర్తియైనదని ప్రతి ఉదయము వచ్చు పచ్చగుర్తు ఈమెయిలు కేవలము పంపినవాని మాట. పుచ్చుకొన్నవాని మాట రిస్టోరు చేసిననే గాని వినబడదు. అందుచే బ్యాకప్ విధానమును ఎంచుకొనువాడు మొదట ధరను కాక, తిరిగి తీయు దారిని అడుగవలెను.

ఇందును ఒక శంక: ఎట్లు పరీక్షింపవలెను? సమాధానము: అదే ల్యాప్‌టాప్‌పై పరీక్షించుట పరీక్ష కాదు, దానియందు మూలమింకను బ్రతికియున్నది గనుక. శనివారము నాడు ఏమియు లేని మరియొక యంత్రమును తెచ్చి, వట్టి చేతులతో ఆరంభింపవలెను. అప్పుడు గాని బయటపడని చిక్కొకటి కలదు: బ్యాకప్‌నకు రహస్య సంకేతపు తాళము వేసిన బుద్ధిమంతుడు, ఆ తాళపు పాస్‌వర్డును ఒక ఫైలులో వ్రాసి, ఆ ఫైలును సైతము భద్రముగా బ్యాకప్‌లోనే పెట్టియుండును. దీనికి పరిహారము, ఆ పాస్‌వర్డును కాగితముపై వ్రాసి, కవరులో పెట్టి అంటించి, వరంగల్లులో అక్కగారింటి బీరువాలో ఉంచుట. దానితో కాగితము రెండవ మాధ్యమమును, వరంగల్లు ఊరి వెలుపలయు నగుచున్నవి. అక్కగారు దసరాకు బీరువా సర్దునప్పుడు ఆ కవరును పారవేయకుండ ముందుగా చెప్పి యుంచవలెనని సంప్రదాయజ్ఞులు.