ఆటొకడిది, కప్పొకడిది

2025 సెప్టెంబరు 28 రాత్రి దుబాయిలో మన హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ 69 పరుగులు చేసి, ఔటవకుండా నిలబడి, పాకిస్తాన్ మీద ఆసియా కప్పు గెలిపించాడు. అంతవరకూ అందరికీ తెలిసిందే. అసలు మ్యాచ్ ఆ తరవాత మొదలైంది. అందులో ఓవర్లు లేవు, అంపైర్లు లేరు, రివ్యూ అడిగే సదుపాయం అసలే లేదు. వేదిక మీద ఒక పెద్దమనిషి కప్పు ఇస్తానని నిలబడ్డాడు. ఆయన చేతుల మీదుగా పుచ్చుకోం అని మనవాళ్ళు గ్రౌండులో నిలబడ్డారు. గంట దాటింది. ఎవరూ తగ్గలేదు. చివరికి ఎవరో వచ్చి కప్పునే లోపలికి పట్టుకెళ్ళిపోయారు. బ్యాటర్ రిటైర్డ్ హర్ట్ కావడం చాలాసార్లు చూశాం గానీ, కప్పు రిటైర్డ్ హర్ట్ కావడం అదే మొదలు.

నిలబడ్డ పెద్దమనిషి మొహ్‌సిన్ నఖ్వీ. ఆసియా క్రికెట్ కౌన్సిల్‌కి అధ్యక్షుడు, పాకిస్తాన్ క్రికెట్ బోర్డుకి చైర్మన్, ఆ దేశానికి హోం మంత్రి కూడా. అంటే టోర్నమెంటు నడిపిందీ ఆయనే, ఫైనల్లో ఓడిందీ ఆయనే, ఓడాక ఊళ్ళో అల్లర్లు కాకుండా చూసుకోవాల్సిందీ ఆయనే. ఇన్ని కుర్చీలున్న మనిషి గంటసేపు నిలబడాల్సి రావడం నిజంగా బాధాకరం. మనమేం తక్కువ తినలేదు లెండి. మన హోం మంత్రిగారి అబ్బాయి ఏకంగా ప్రపంచ క్రికెట్‌కే చైర్మన్. రెండు దేశాల మధ్య ఇంత చక్కటి సమతూకం ఇంకే రంగంలోనూ కుదరలేదు.

ఆ టోర్నమెంటులో పాకిస్తాన్‌తో మూడు మ్యాచ్‌లు, మూడూ ఆదివారాలే. పాకిస్తాన్ ఆటగాళ్ళతో చెయ్యి కలిపితే దేశానికి అవమానం. ఆదివారం సాయంత్రం ప్రకటనలు అమ్ముకుని ఆడితే మాత్రం దేశభక్తి. ఈ రెంటి మధ్య గీత ఎక్కడుందో బోర్డువారికి తప్ప మానవమాత్రులకి కనిపించదు.

తరవాత నఖ్వీగారు, కప్పు కావాలంటే కౌన్సిల్ ఆఫీసుకొచ్చి నా దగ్గర తీసుకోండి అన్నారు. కులం సర్టిఫికెట్టు కోసం మండలాఫీసు చుట్టూ తిరిగినవాళ్ళకి ఈ మాట చెవికి ఇంపుగా తగిలి ఉంటుంది. కప్పు తయారైంది, సంతకం కూడా అయింది, సారు చేత్తో ఇస్తేనే ఇచ్చినట్టు. సారేమో మీటింగులో ఉన్నారు.

మనవాళ్ళు ఊరుకున్నారా? చేతుల్లో కప్పు ఉన్నట్టే నటిస్తూ ఎగిరారు, గంతులేశారు. ఫోన్లలో ఫొటోలకి కప్పు బొమ్మ అతికించి లోకానికి వదిలారు. కాలానికి తగ్గ విజయోత్సవమే అది. సరిగ్గా ఆ నెలలోనే గూగుల్ వాళ్ళ బొమ్మల ఏఐ నానో బనానా ఊరూరా ఆడవాళ్ళని పాత సినిమా హీరోయిన్ల షిఫాన్ చీరల్లో నిలబెట్టింది. కట్టని చీర కట్టుకున్నట్టు, ఎత్తని కప్పు ఎత్తినట్టు చూపించే యంత్రం అరచేతిలో ఉండగా, దుబాయి ఆఫీసుకెళ్ళి క్యూలో నిలబడే అవసరం ఎవరికి?

ఆ యంత్రాల సంగతే ఎత్తితే ఇంకో వార్త ఉంది. ఆంత్రోపిక్ అనే అమెరికా ఏఐ కంపెనీ, పైరసీ సైట్ల నుంచి దించుకున్న పుస్తకాల కేసులో రచయితలకి 150 కోట్ల డాలర్లు ఇస్తానని ఒప్పుకుంది. అదీ సెప్టెంబరు ముచ్చటే. పుస్తకానికి సుమారు 3,000 డాలర్లు. రాసినవాడొకడు, చదివి తెలివి మీరిన యంత్రం ఇంకొకటి, మధ్యలో కోర్టు. ఈ వార్త చదివి తెలుగు రచయితలు రెండు రకాలుగా బాధపడ్డారని నా అనుమానం. తోటి రచయితల పుస్తకాలు దొంగిలించారని కాసేపు. తమవి ఎందుకు దొంగిలించలేదా అని రాత్రంతా. ప్రచురణకర్త ఇచ్చే రాయల్టీ కన్నా దొంగ ఇచ్చే పరిహారమే నయమని మన సాహిత్య చరిత్రలో తేలడం ఇదే తొలిసారి.

అయినా కప్పుల విషయంలో నఖ్వీగారు ఇంకా ఎల్‌కేజీలోనే ఉన్నారు. పెద్ద బడి వాషింగ్టన్‌లో ఉంది. 2025 జూలై 13న ఫుట్‌బాల్ క్లబ్ ప్రపంచ కప్పు ఫైనల్లో చెల్సీ జట్టు పారిస్ జట్టుని 3-0 తేడాతో ఓడించింది. కప్పు ఇవ్వడానికి ట్రంప్‌గారొచ్చారు. ఇచ్చారు. ఇచ్చినవాడు దిగిపోవాలి కదా, దిగలేదు. ఆటగాళ్ళు కప్పెత్తుతుంటే మధ్యలో నిలబడి చప్పట్లు కొడుతూనే ఉన్నారు. ఈయనెందుకు ఇంకా ఇక్కడున్నాడని కుర్రాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అసలు కప్పు తన ఆఫీసులోనే ఉందని, విజేతలకి వేరేది చేయించారని ఆయనే చెప్పారు. నఖ్వీ ఓడిపోయి కప్పు ఉంచేసుకున్నాడు. ట్రంప్‌గారికి ఆడాల్సిన పని కూడా పడలేదు.

ఆయన మనసు మాత్రం నార్వేలో ఉంది. 2025 మే నెలలో భారత్, పాకిస్తాన్ మధ్య యుద్ధం ఆపింది నేనేనని ఆయన ఎన్నిసార్లు చెప్పారో లెక్కపెట్టడం మానేశాం. రెండు సైన్యాల అధికారులు నేరుగా మాట్లాడుకుని ఆపారని మన ప్రభుత్వం అంటుంది. పాకిస్తాన్ మాత్రం జూన్ 21న ఆయన పేరు నోబెల్ శాంతి బహుమతికి సిఫార్సు చేస్తున్నామని ప్రకటించింది. మర్నాడే అమెరికా విమానాలు ఇరాన్ మీద బాంబులు కురిపించాయి. దాన్ని పాకిస్తాన్ ఖండించింది. ముందు రోజు దండ, మర్నాడు ఖండన. ఇస్లామాబాద్‌లో ఆ రెండు కాగితాలూ ఒకే టైపిస్టు కొట్టి ఉంటే, ఆ మనిషికి ఇవ్వాలి శాంతి బహుమతి.

అక్టోబరు 10న నోబెల్ వెనిజులా నాయకురాలు మరియా కొరీనా మచాదోకి వెళ్ళింది. వాషింగ్టన్‌లో మొహాలు వాడిపోయాయి. అది చూసి ఫుట్‌బాల్ సంఘం ఫిఫా గుండె తరుక్కుపోయి, అంతకుముందు లేని శాంతి బహుమతి ఒకటి కొత్తగా పుట్టించి, డిసెంబరు 5న ప్రపంచ కప్పు డ్రా తీసే సభలో ట్రంప్‌గారికే తొలి బహుమతిగా ఇచ్చింది. ఫుట్‌బాల్‌కీ శాంతికీ ఏమిటి సంబంధమని అడక్కండి. మ్యాచ్‌కెళ్ళినవాడు తల పగలకుండా ఇంటికొస్తే అంతకన్నా శాంతి ఏముంది? పతకాన్ని మాత్రం ఆయన ఎవరికీ శ్రమ ఇవ్వకుండా తన మెళ్ళో తనే వేసుకున్నారు. మా జిల్లాలో కిరాయి సన్మానాలు చేయించుకునేవాళ్ళు కూడా శాలువా కప్పడానికి పక్కన ఒకణ్ణి పెట్టుకుంటారు. ఆ పాటి మొహమాటం మాకుంది.

2026 జనవరిలో కథ ఇంకో మలుపు తిరిగింది. మచాదోగారే శ్వేతసౌధానికి వెళ్ళి, తన నోబెల్ పతకాన్ని ఫ్రేము కట్టించి ట్రంప్‌గారి చేతిలో పెట్టారు. పతకం చేతులు మారొచ్చుగానీ గ్రహీత హోదా మారదని నోబెల్ వాళ్ళు గబగబా ప్రకటన ఇచ్చుకున్నారు. ఆ పతకం బరువు 196 గ్రాములు. మన లెక్కలో ఇరవై నాలుగున్నర కాసులు. అమ్మాయి పెళ్ళి చెయ్యొచ్చు. కాకపోతే అది 18 క్యారెట్లే, కాబట్టి ఆడపడుచులు మూతి విరుస్తారు. హోదా ఇంట్లో పెట్టుకుని బంగారం ఇచ్చేసిన ఆవిడ తెలివైనదా, హోదా లేకపోయినా బంగారం పుచ్చుకున్న ఈయన తెలివైనవాడా అన్నది తేలడం లేదు. నా ఓటు ఆవిడకే.

ఇదంతా విని అమెరికా వాణ్ణి చూసి నవ్వుకుంటున్నారేమో. ఒకసారి మన ఊరి టోర్నమెంటుకి రండి. గ్రౌండు గేటు దగ్గర ఇరవై అడుగుల ఫ్లెక్సీ. పైన పార్టీ అధినేత, ఆయన పక్కన వాళ్ళబ్బాయి, కింద ఎమ్మెల్యేగారి నమస్కారం, ఎమ్మెల్యేగారి పక్కన ఖర్చు పెట్టిన కాంట్రాక్టరు కూలింగ్ గ్లాసులతో. అట్టడుగున, ఫ్లెక్సీ కట్టిన తాడు ముడి కింద, తపాలా బిళ్ళంత సైజులో బ్యాటు పట్టుకున్న ఒకడు. వాడు కూడా మన ఊరివాడు కాదు, విరాట్ కోహ్లీ. ఫైనల్ మూడింటికి మొదలవ్వాలి. ముఖ్య అతిథి బయల్దేరారని అయిదింటికి మైకులో చెబుతారు. బయల్దేరింది నిజమే, ఎక్కణ్ణించన్నది చెప్పరు. చీకటి పడ్డాక ఆయన దిగి రెండు బంతులు ఆడతారు. ఆయన్ని ఔట్ చేసిన బౌలర్ ఇంతవరకూ పుట్టలేదు. తరవాత బహుమతి ప్రదానం. కప్పుకి ఒక చెవి ఎమ్మెల్యేగారు, రెండో చెవి మండలాధ్యక్షుడు, పీట మాజీ సర్పంచి పట్టుకుంటారు. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో పడుతుంది, కింద ‘విజేతలకు కప్పు అందజేస్తున్న ఎమ్మెల్యే’ అని. విజేత ఎక్కడున్నాడా అని భూతద్దం పెట్టి వెతికితే కుడివైపు అంచున ఒక మోచెయ్యి కనిపిస్తుంది. ఆ మోచేతివాడే మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్.

ఊళ్ళో మోచెయ్యి అయినా దొరుకుతుంది. దేశం జట్టులో ఆటగాడి గుండె మీద కూడా ఆడనివాడి పేరే ఉంటుంది. ఆ చోటు మంచిది కాదని వాస్తువాళ్ళెవరూ బోర్డుకి చెప్పినట్టు లేదు. సహారా పేరు రాయించుకుంది, దాని అధిపతి తరవాత జైలు చూశాడు. బైజూస్ రాయించుకుంది, 158 కోట్ల బకాయి కోసం బోర్డే దాన్ని దివాలా కోర్టుకీడ్చింది. డ్రీమ్11 రూ.358 కోట్లకి రాయించుకుంది, 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టం వచ్చి పేరు చెరిపేసింది. దాంతో ఆసియా కప్పులో మనవాళ్ళు ఏ పేరూ లేని చొక్కాలతోనే ఆడారు. ఛాతీ మీద స్పాన్సరు లేడు, గెలిచాక చేతిలో కప్పు లేదు. ఇంత నిష్కామకర్మ భారత క్రికెట్లో మళ్ళీ చూడం. ఇప్పుడు రూ.579 కోట్లకి అపోలో టైర్స్ వచ్చింది. వారానికోసారి గాలి చెక్ చేయించుకోవడం మంచిది.

ఒక చోట మాత్రం నవ్వు రాదు. పద్దెనిమిదో సీజన్‌లో బెంగళూరుకి తొలి ఐపీఎల్ కప్పు వచ్చిన మర్నాడు, 2025 జూన్ 4న, విధానసౌధ మెట్ల మీద సన్మానం జరిగిన పూటే చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. కప్పుని దూరం నుంచైనా చూద్దామని వచ్చినవాళ్ళు వాళ్ళు. వేదిక మీద ఫొటోలో ఎవరు ఎక్కడ నిలబడాలో ముందే తేల్చుకున్నవాళ్ళు, గేటు ఎప్పుడు తెరవాలో తేల్చుకోలేకపోయారు.

కప్పు పట్టుకోవడం ఎలాగో తెలిసినవాళ్ళు కూడా ఈ దేశంలో ఉన్నారు. నవంబరు 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికా మీద 52 పరుగులతో ప్రపంచ కప్పు గెలిచారు. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఆ టోర్నమెంటులో 14 వికెట్లు తీసింది. గెలిచిన ఆ రాత్రే కప్పు తీసుకెళ్ళి, బౌండరీ దగ్గర మైకు పట్టుకుని నిలబడ్డ మాజీ ఆటగాళ్ళు మిథాలీ రాజ్, ఝులన్ గోస్వామి, అంజుమ్ చోప్రాల చేతుల్లో పెట్టారు. మిథాలీ 2005లో, 2017లో రెండు ఫైనల్స్‌కి కెప్టెన్, రెండూ ఓడింది. ఆ పూట ఆమె మ్యాచ్ ఆడలేదు. అయినా ఆ కప్పు ఆమె చేతిలో ఎందుకుందని ఒక్కరూ అడగలేదు.

మన ఊరి టోర్నమెంటు కమిటీ పెద్దలకి ఒక మనవి. ఈ వేసవికి ఫ్లెక్సీ ఆర్డరిచ్చేటప్పుడు రెండు జట్ల కెప్టెన్ల మొహాలు గుర్తుపట్టేంత సైజులో వేయించండి. ముఖ్య అతిథికి శాలువా, బొకే, కూల్‌డ్రింకు ఇచ్చి మర్యాద చెయ్యండి, తప్పులేదు. కప్పు మాత్రం గ్రౌండు చదును చేసి, నీళ్ళు చల్లి, సున్నం గీతలు గీసినవాడి చేత ఇప్పించండి. ఇచ్చాక వేదిక దిగిపోవాలని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.