డోము దొరలకు జేజేలు

శ్రీకాకుళాంధ్ర దేవుణ్ణి పొగడటానికి కాసుల పురుషోత్తమకవికి ఒక శతకం పట్టింది. సూరత్ గర్బా నిర్వాహకులను పొగడటానికి ఈ పేజీ చాలదని తెలిసే మొదలుపెడుతున్నాను. ఆ కవి పని తేలిక. ఆయన దేవుడు గుళ్లోంచి కదలడు. మీరలా కాదు. నవరాత్రులు వచ్చాయంటే వేసూలో ఒకచోట, డుమస్ రోడ్డులో మరోచోట, సర్సాణా ఎగ్జిబిషన్ హాల్లో ఇంకోచోట ఏకకాలంలో వెలుస్తారు. ఎవరిని ముందు కొలవాలో భక్తుడికి తేలదు.

ముఖ్యంగా మా తెలుగు బట్టల వ్యాపారులకు. దీపావళికీ పెళ్లిళ్లకూ సరుకు కొనడానికి వస్తారు. పొద్దుటి నుంచి రింగ్ రోడ్డు మార్కెట్లలో చీరల కట్టలు తిరగేసి, బేరమాడి, మూటలు ట్రాన్స్‌పోర్టులో వేయించి సాయంత్రానికి చేతులు దులుపుకుంటారు. వరంగల్ మీదుగా విజయవాడ చేర్చే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్‌కు వచ్చేది అర్ధరాత్రి దాటాక. నడుమ మిగిలిన ఆ నాలుగు గంటల్లో గుజరాత్ సంస్కృతి మొత్తం చూసెయ్యాలి. అందుకు మీరు తప్ప దిక్కెవరు?

ఈ ఉపకారం భూగోళంలో మీరొక్కరే చేస్తున్నారని గర్వపడకండి. హవాయిలో మీకు అన్నలున్నారు. హోనొలులు రేవులో దిగిన ఓడ ప్రయాణికుడు కూడా ఇలాగే గడియారం చూసుకుంటూ, ఏ లూవావ్‌కు వెళ్లాలా అని తల గోక్కుంటాడు. లూవావ్ అంటే అక్కడి విందు. నేలలో గుంత తీసి, కాలిన రాళ్ల మధ్య పందిని మగ్గబెట్టి, చేమదుంప ముద్దతో వడ్డిస్తారు. ఆపైన హూలా నాట్యం. ఆడా మగా కలిసి తినకూడదన్న కట్టుబాటు ఆ దీవుల్లో ఉండేది. 1819లో రెండవ కమేహమేహా రాజు ఆడవాళ్ల పంక్తిలో కూర్చుని తిని దాన్ని తెంచేశాడు. నేటి లూవావ్‌కు ఆ సహపంక్తే మొదలని చెబుతారు. రాజుగారు తొలగించిన తేడాను అన్నలు ఎంత చక్కగా పూరించారో చూడండి: ఇప్పుడు ఆడా మగా తేడా లేదు, ముందు బల్లకొక ధర, వెనక బల్లకొక ధర. సమోవా నిప్పుకత్తుల ఆట, తహీతీ నడుమాట కూడా అదే టికెట్టులో కలిపి చూపిస్తారు. రాత్రి పదికల్లా ప్రయాణికుడు పసిఫిక్ మహాసముద్రాన్ని అర్థం చేసుకుని గదికి చేరతాడు.

అక్కడి మరో మహానుభావుల సంగతీ చెప్పాలి. రాత్రి వెలుతురులో ఫొటోలు సరిగా రావడం లేదని, ఫిల్మ్ అమ్మే కోడాక్ వాళ్లు 1937లో వైకికీలో హూలాను పగటి ఎండలోకి తెచ్చారు. 2002 దాకా ఆ ప్రదర్శన నడిచింది. నాట్యం కెమెరా వేళకు వచ్చి నిలబడాలన్న సత్యాన్ని కనిపెట్టింది వాళ్లయితే, దాన్ని పరిపూర్ణం చేసింది మీరు. మీ మైదానంలో పగలూ రాత్రీ తేడా లేనంత లైట్లు. తాళానికి చప్పట్లు కొట్టాల్సిన రెండు చేతుల్లో ఒకటి ఫోను పట్టుకుని ఉంటే మిగిలిన చేత్తో చప్పుడెలా వస్తుందని బెంగపడే అమాయకులున్నారు. ఆ లోటు తెలియకుండా మీరు స్పీకర్లు పెట్టారు గదా.

అమ్మవారి విషయంలో మీ మర్యాదకైతే మాటల్లేవు. చిల్లుల మట్టికుండలో దీపం పెట్టి, దాని చుట్టూ తిరగడం గర్బా. 2023 డిసెంబరులో బోట్స్‌వానాలోని కసానేలో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది ఈ గర్బాయే. ఆ కుండను వేలమంది కాళ్ల మధ్య ఉంచితే ఏమైనా ఉందా? అందుకే భద్రంగా వేదిక పక్కకు జరిపారు. నడిమధ్యన డ్రోన్లకూ క్రేన్ కెమెరాకూ చోటిచ్చారు. జనం ఇప్పుడు తిరుగుతున్నది దేని చుట్టూ అని అడగకూడదు. ముందు హారతి ఇస్తున్నారు, ఫలానా కంపెనీ సౌజన్యంతో ఇస్తున్నారు, అది చాలు. పైగా ఏసీ డోము. చెమట పట్టకుండా మొక్కు తీర్చుకునే సౌకర్యం పురాణాల్లో ఏ భక్తుడికీ దొరకలేదు.

పాసు ధర గురించి సణిగేవాళ్లను పట్టించుకోకండి. 2022లో నవరాత్రులకు ముందు, ఐదొందలు దాటిన పాసుపై 18 శాతం జీఎస్టీ ఏమిటని ప్రతిపక్షాలు వీధికెక్కాయి. అందులో దాగిన ధర్మసూక్ష్మం వాళ్లకు అందలేదు. ఐదొందల్లోపు భక్తికి ప్రభుత్వం ఒక్క పైసా అడగలేదు. ఆ పైన ఉన్నది భక్తి కాదని తేల్చి చెప్పింది, అంతే. ఇంత స్పష్టంగా ఏ పీఠాధిపతీ చెప్పలేదు. అయినా మా తెలుగువాళ్లకు మీరు సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. ప్రత్యేక దర్శనం, శీఘ్ర దర్శనం అంటూ క్యూల్లో పుట్టి పెరిగినవాళ్లం. అమ్మవారి ముందు రేట్ల బోర్డు చూడగానే మాకు సొంత ఊరు గుర్తొస్తుంది.

ప్యాంటూ చొక్కాతో వచ్చిన వ్యాపారిని గేటు దగ్గర ఆపి, సంప్రదాయ దుస్తులు లేనిదే లోపలికి లేదంటారే, అదీ నాకు నచ్చిన నిష్ఠ. పాపం అతను పరుగున వెళ్లి అద్దాల కేడియూ అద్దెకు తెచ్చుకుంటాడు. సంప్రదాయం పన్నెండింటి లోపు తిరిగి ఇచ్చేయాలి, డిపాజిట్ ఉంది. లోపల ఉత్తమ వేషానికి బహుమతి, ఉత్తమ ఆటకు ప్రిన్సూ ప్రిన్సెసూ కిరీటాలు. దోఢియూ అడుగులు ముందే క్లాసులకు వెళ్లి నేర్చుకున్న బృందాలు తమ వలయం తాము కట్టుకుని ఆడతాయి. అందులోకి కొత్తవాడు రాడు, రానివ్వరు. మనవాడు అంచున నిలబడి, వీడియో తీసుకుని, ఫుడ్ కోర్టులో పావుభాజీ తిని బయటపడతాడు. గుజరాత్ చూశాడు.

మీ గొప్పతనం పూర్తిగా తెలియాలంటే, మీరు లేనిచోట పండుగ ఎంత అధ్వాన్నంగా ఉంటుందో చూడాలి. సూరత్‌లోనే మా లింబాయత్ ఉంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ నుంచి మగ్గాల పనికి వచ్చి స్థిరపడ్డ పద్మశాలీల గల్లీలు. అవే రోజుల్లో అక్కడ బతుకమ్మ. తంగేడు దొరికితే తంగేడు, లేకపోతే మార్కెట్ బంతి. పన్నెండు గంటల షిఫ్టు దిగి వచ్చిన మగవాళ్లు గడపల మీద కూర్చుంటారు. పగలంతా చీరలకు రాళ్లంటించిన ఆడవాళ్లే పాడాలి, వాళ్లే ఆడాలి. గాయకురాలిని కూడా పెట్టుకోలేదు. వేదిక లేదు. నడిమధ్య పూలు, చుట్టూ మనుషులు, అంత పాతకాలపు అమరిక. పక్క గదిలోని ఒడియా అమ్మాయి వచ్చి కలిసినా ఎవరూ చేతికి పాసు పట్టీ ఉందా అని చూడరు. ఆమె అడుగు తప్పితే నవ్వి, సర్దుకుని, పాట ఆపకుండా తిరుగుతారు. చివరికి సత్తుపిండీ మలీదా పంచిపెడతారు, డబ్బులు పుచ్చుకోకుండా. లెక్కాపత్రం లేని మనుషులు.

పాత ఊళ్లో గోపీపురా, నాన్‌పురా సందుల్లో మీ గుజరాతీలే కొందరు ఇప్పటికీ ఇంతే. వీధిలో కుండ పెట్టుకుని, పక్కింటి ముసలమ్మ పాడుతుంటే ఆడుకుంటారు. శేరీ గర్బా అని దానికి పేరు కూడా ఉంది. యునెస్కో వాళ్లు జాబితాలో రాసుకున్నది చూస్తే పొరపాటున ఆ సందులోకి వెళ్లి వచ్చారేమోనని అనుమానం వస్తుంది.

కాబట్టి, ఈ దసరాకు సూరత్ వస్తున్న వ్యాపారి సోదరులారా, డోము పాసే కొనండి. ఆన్‌లైన్లో ముందుగా కొంటే మేలు. లింబాయత్ స్టేషన్‌కు దగ్గరే, ఆటో దొరుకుతుంది గదా అని అటు మాత్రం పోకండి. అక్కడ చూడ్డానికి కుర్చీ ఉండదు. నిలబడితే ఏ ఊరు, ఎవరింటివాళ్లని అడుగుతారు. మీ ఇంటావిడ వెంట ఉంటే, ఏ అక్కో వచ్చి చెయ్యి పట్టుకుని వలయంలోకి లాగుతుంది. రైలు తప్పిపోయిందంటే నా పూచీ లేదు.