హెడ్‌సెట్ వాంగ్మూలం

నేను ఒంటిచెవి హెడ్‌సెట్‌ను. కాల్ సెంటర్లలో కనిపించే రకం. ఒక చెవి మీద నా స్పీకరు కూర్చుంటుంది, మైకు నోటి దగ్గరికి వంగి ఉంటుంది, రెండో చెవి ఖాళీ. కస్టమరు మాట్లాడుతుండగానే టీమ్ లీడరు చెప్పేది కూడా వినపడాలని ఆ ఏర్పాటు.

నన్ను పెట్టుకునే అమ్మాయిది చిత్తూరు జిల్లా గుడుపల్లె. ఇంట్లో తెలుగు, కుప్పం బజారులో తమిళం, పొలిమేర దాటితే కన్నడం. ఆ మూలన పుట్టినవాళ్లకు మూడు భాషలూ బడిలో నేర్పకుండానే వస్తాయి. బెంగళూరులో ఒక కంపెనీ కస్టమర్ కేర్‌లో ఆమెను తీసుకున్నది అందుకే. మూడు భాషల కాల్సూ ఆమె ఒక్క లాగిన్‌కే వచ్చేవి. జీతం మాత్రం ఒక భాష మాట్లాడేవాళ్లకు ఇచ్చేదే. జోలార్‌పేట-బెంగళూరు లైను మీద గుడుపల్లెకు స్టేషనుంది కనక పగటి షిఫ్టు ఉన్నన్నాళ్లూ రైల్లో వచ్చిపోయేది. రాత్రి షిఫ్టు పడ్డాక హాస్టల్లో చేరింది.

మా దగ్గర ఫోను మోగదు. నాలో చిన్న బీప్ వస్తుంది, ఆ వెంటనే ఒక మనిషి గొంతు. ఎత్తాలా వద్దా అని ఆలోచించే సందు ఆమెకు లేదు. కాల్ అయిపోయాక వివరాలు ఎక్కించుకోవడానికి కొన్ని సెకన్లు, మళ్లీ బీప్. ఒక్కో కాల్‌కు సగటున ఎంతసేపు పట్టిందో లెక్క. నీళ్లకు లేస్తే ఒక కోడ్, బాత్రూముకు లేస్తే ఇంకో కోడ్, ఆ నిమిషాలన్నీ నెలాఖరు రిపోర్టులో కనిపిస్తాయి. వి.వి. గిరి జాతీయ కార్మిక సంస్థకు చెందిన బాబు పి. రమేష్ నోయిడా కాల్ సెంటర్లను పరిశీలించి 2004లో రాసిన వ్యాసంలో ఇక్కడి ఉద్యోగులను ‘సైబర్ కూలీలు’ అన్నారు. ఆ మాట యజమానులకు కోపం తెప్పించింది. ఆ చెవి మీద కూర్చున్న నాకు అందులో అతిశయోక్తి కనిపించలేదు.

2020 మార్చిలో నేను ఆమె సంచిలో పడి గుడుపల్లె చేరాను. అంతకుముందు కాల్ సెంటర్ పనిని ఇంటి నుంచి చేయించాలంటే టెలికాం శాఖ అనుమతులు, డిపాజిట్లు, సవాలక్ష షరతులు. కరోనా రాగానే ఆ నెలలోనే సడలించారు, నవంబరులో నిబంధనలనే మార్చేశారు. అప్పటినుంచి నా ఆఫీసు ఆ ఇంటి మిద్దె మీది గది.

ఆ ఇంట్లో ఒక తాత ఉన్నాడు. ఇదే మండలంలోని బిసానత్తం బంగారు గనిలో డ్రిల్లు పట్టిన మనిషి. దాన్ని నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ కంపెనీ 2001లో మూతపడేదాకా పని చేశాడు. ఆ డ్రిల్లు మోతకు రెండు చెవులూ పోయాయి, అందుకే గట్టిగా మాట్లాడతాడు. ఆయన గొంతు నా మైకులో పడితే క్వాలిటీ వాళ్లు ‘వెనక శబ్దం’ అని ఆమె మార్కులు కోస్తారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించిన కోత అది.

ఆయన పని కష్టమైనదే, ప్రాణాంతకమైనదే. కానీ దాని చుట్టూ చట్టం ఉండేది. భూగర్భంలో రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేయించకూడదని 1952 గనుల చట్టం చెప్పింది. మోతకు వినికిడి పోవడాన్ని పని తెచ్చే జబ్బుగా గుర్తించారు. అవన్నీ ఊరికే రాలేదు. పక్కనే కోలార్ గనుల్లో 1930లో వేలిముద్రల నిబంధన పెడితే, మేం దొంగలమా అని కార్మికులు పని ఆపేశారు. చిత్తూరు వైపునుంచి వెళ్లినవాళ్లూ ఆ గనుల్లో పని చేసేవాళ్లే. ఇప్పుడు మనవరాలి ప్రతి కాల్ రికార్డవుతుంది, తెర మీద ప్రతి కదలికా నమోదవుతుంది. దాన్ని ఎవరూ ప్రశ్నించరు.

నా ఒంట్లో ఒక భాగం గురించి చెప్పాలి. లైనులో ఉన్నట్టుండి ఈలలాంటి కీచుధ్వని వస్తే చెవి దెబ్బతింటుంది. నొప్పి, రోజుల తరబడి హోరు, చిన్న చప్పుడుకే ఉలికిపాటు. దీన్ని ఎకౌస్టిక్ షాక్ అంటారు. అందుకే నాలాంటివాటిలో శబ్దాన్ని ఒక హద్దు దగ్గర ఆపేసే అమరిక పెడతారు. బ్రిటన్‌లో ఆ హద్దు 118 డెసిబెల్స్. అంతకు మించింది ఏదొచ్చినా నేను కోసేస్తాను.

కానీ తిట్టు 118 డెసిబెల్స్ దాటదు. మెల్లగా, తాపీగా, ఆడపిల్లతో అనకూడని మాట అనేవాణ్ని నేను ఆపలేను. ఆమె కూడా ఆపలేదు, కాల్ కట్ చేసే హక్కు ఆమెకు లేదు. ‘మీ అసౌకర్యాన్ని అర్థం చేసుకోగలను సార్’ అని చదవాలి, ఒకసారి హెచ్చరించాలి, మళ్లీ హెచ్చరించాలి, పైవాళ్లకు బదిలీ చేయాలి. పైవాళ్లు ఖాళీగా ఉండరు. ఒక రాత్రి అలాంటి కాల్ ముగిశాక ఆమె నన్ను మెడ మీదికి దించుకుంది. మంచినీళ్ల చెంబుతో వచ్చిన తాత చూసి అడిగాడు.

“ఏమైంది పాపా, మొగం అట్ల పెట్టుకుండావే?”

“ఏం లేదు తాతా.”

ఆయనకు ఆ జవాబు వినపడలేదు. అయినా చెంబు అక్కడ పెట్టి పోకుండా కాసేపు నిలబడ్డాడు. ఈలోగా నాలో బీప్ వచ్చింది.

రక్షణల మీద మన దగ్గర చర్చ లేదని కాదు, చాలా ఉంది. ఆడవాళ్లు రాత్రిళ్లు పని చేయకూడదన్న పాత నిషేధాన్ని రవాణా, భద్రత షరతులతో ఐటీ రంగానికి కర్ణాటక 2002లో సడలించింది. 2005 డిసెంబరులో బెంగళూరులో రాత్రి షిఫ్టుకు బయల్దేరిన కాల్ సెంటర్ ఉద్యోగిని క్యాబ్ డ్రైవరు చేతిలో హత్యకు గురైంది. ఆ తర్వాతే క్యాబ్‌లలో కాపలా గురించి గట్టిగా మాట్లాడుకున్నారు. 2024లో అదే రాష్ట్రంలో ఐటీ ఉద్యోగుల పనిని రోజుకు 14 గంటల దాకా పెంచే ప్రతిపాదన వస్తే ఉద్యోగుల సంఘం కేఐటీయూ అడ్డుపడింది. 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజు పనిని 9 నుంచి 10 గంటలకు పెంచడానికి ఒప్పుకుంది. అదే ఏడు నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం, భద్రత షరతులకు లోబడి, మహిళ సమ్మతి ఉంటే రాత్రి ఏ పనైనా చేయవచ్చు.

రాత్రి పని తీసేయాలని నేననను. ఆ జీతంతోనే ఆ ఇంటి మిద్దె లేచింది, తాత మందులు వస్తున్నాయి. నిషేధం ఉన్న రోజుల్లో ఆడవాళ్లు క్షేమంగా ఉన్నారో లేదో గానీ ఉద్యోగం లేకుండా మాత్రం ఉన్నారు. నా ఫిర్యాదు వేరు. గంటలు లెక్కపెట్టారు, రాత్రిని లెక్కపెట్టారు, క్యాబ్‌ను లెక్కపెట్టారు. చెవిలో పడేదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఇది అసాధ్యమైన కోరికేమీ కాదు. దక్షిణ కొరియా 2018లో తన భద్రతా చట్టాన్ని సవరించి, కస్టమర్ల దుర్భాషల నుంచి ఉద్యోగిని కాపాడే బాధ్యత యజమాని మీదే పెట్టింది. అవసరమైతే పని ఆపించాలి, విశ్రాంతినివ్వాలి, అడిగినందుకు ఉద్యోగం పీకకూడదు. కస్టమర్ల వేధింపుల మీద టోక్యో నగరం చేసిన ఆర్డినెన్సు 2025 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది.

మొన్న ఆమె మెయిలుకు రాత్రి షిఫ్టు సమ్మతి ఫారం వచ్చింది. ఆ సాయంత్రం టీమ్ మీటింగులో ఆమె నా మైకు ఆన్ చేసి అడిగింది: “అక్కా, రాత్రి పనికి సమ్మతి అడిగినారు, ఇస్తా. తిట్టించుకునేదానికి కూడా ఇందులోనే సమ్మతి ఉందా? ఎవరైనా బూతు మాట్లాడితే కాల్ కట్ చేయొచ్చని ఒక లైను రాసి పంపిస్తారా?”

కనుక్కొని చెప్తానంది టీమ్ లీడరు. ఆ వారం ఏమీ చెప్పలేదు. మరుసటి వారం మీటింగులో ఆమె మళ్లీ అడగబోతుంటే, అప్పటికే మదనపల్లె నుంచి లాగినయిన అమ్మాయి అదే ప్రశ్న వేసింది. ఆమె వెనకే పుంగనూరు అమ్మాయి కూడా మైకు ఆన్ చేసింది.