చతుశ్చక్ర విజయం

ఇష్టదేవతా స్తుతి

ధారకొండ, తీగకొండల నడుమ లోవలో కొలువైన తలుపులమ్మ తల్లికి తొలి దండం. తుని చుట్టుపక్కల కొత్త బండి కొన్నవాడు నంబరు ప్లేటు కోసమైనా ఆగుతాడు గాని అమ్మవారి పూజకు ఆగలేడు. షోరూం నుంచి తిన్నగా లోవకే. పసుపు, కుంకుమ, బానెట్‌కు బంతిపూల దండ, చక్రానికొకటి చొప్పున నాలుగు నిమ్మకాయలు. ఇంజను బలం రెండు చక్రాలకే అందే బండికైనా నిమ్మకాయలు మాత్రం నాలుగే. అమ్మవారికి పక్షపాతం లేదు.

మలి దండం విఘ్నేశ్వరుడికి. పైన అంత బొజ్జ, కింద చూస్తే ఎలుక. ఆ లోడుతో ఆ వాహనం కదిలిందంటే లో గేరు మహిమ కాక మరేమిటి? భూప్రదక్షిణ పందెంలో నెమలి టాప్ గేరులో పోయింది. గెలిచిందెవరో లోకానికి తెలుసు.

కుచోదక నింద

ప్రబంధకవులు కుకవులను నాలుగు తిట్టి గాని కథలోకి దిగరు. మనం కుచోదకులను ముగ్గురిని తిడదాం.

ఎండిన తారురోడ్డు మీద, పక్క సీట్లో బావమరిదిని కూర్చోబెట్టుకుని, "చూశావా బావా, ఫోర్ బై ఫోర్" అంటూ మీట తిప్పేవాడు మొదటివాడు. అరవై మీద పోతూ లో గేరు కోసం చెయ్యి చాపేవాడు రెండోవాడు. పళ్లచక్రాల ఆర్తనాదం వీడికి వీనులవిందు. బండి కొన్ననాటి నుంచి ఆ మీటను ముట్టుకోకుండా, "అరిగిపోద్దండీ" అని దాచుకునేవాడు మూడోవాడు. అప్పుడప్పుడైనా మట్టిదారిలో వేసి నాలుగడుగులు నడపకపోతే లోపలి భాగాలకు నూనె అందదు. తీరా అవసరం పడ్డ రోజున ఆ మీట శాపగ్రస్తుడైన కర్ణుడికి విద్యలాగా పలకదు.

పురవర్ణన

తాండవ నదికి ఇవతలి గట్టున తుని, అవతలి గట్టున పాయకరావుపేట. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇది కాకినాడ జిల్లా, అది అనకాపల్లి జిల్లా. వంతెన దాటితే జిల్లా మారుతుంది, తమలపాకు రుచి మారదు. ఒకపక్క మద్రాసు–హౌరా రైలుమార్గం, మరోపక్క 16వ నంబరు జాతీయ రహదారి. వేసవి వచ్చిందంటే బంగినపల్లులు, సువర్ణరేఖలు, కలెక్టరు కాయలు దళాలు దళాలుగా మార్కెట్ మీదికి దండెత్తుతాయి. లారీలెక్కి ఉత్తరాదికి దిగ్విజయ యాత్ర సాగిస్తాయి.

ఆ రహదారి మీద మన కథానాయకుడికి పనిలేదు. పడమటికి, కోటనందూరు, రౌతులపూడి వైపు మళ్లాలి. అక్కడ తారు కాస్తా కంకర అవుతుంది, కంకర ఎర్రమట్టి అవుతుంది, ఎర్రమట్టి బండిజాడ అవుతుంది, బండిజాడ తోటగట్టు దగ్గర తనువు చాలిస్తుంది. దూరాన తూర్పు కనుమలు మబ్బు కప్పుకుని నిలబడి ఉంటాయి. రోడ్డు పోయిన చోటే ప్రబంధం మొదలవుతుంది.

నాయక వర్ణన

నాయకుడు పిడికిట్లో దాగేంతవాడు. గేరు రాడ్డు పక్కన ఒదిగి కూర్చుంటాడు. వంశమేమో గొప్పది. 1941లో యుద్ధానికని పుట్టిన విల్లీస్ జీపు వీరి మూలపురుషుడు. మహీంద్రా వారి చేతుల మీదుగా ఆ వంశం మన దేశంలో నిలిచింది. పాత జీపుల్లో పెద్ద గేరు రాడ్డు పక్కన రెండు పొట్టి రాడ్లుండేవి: ముందు చక్రాలను యుద్ధానికి పిలిచేది ఒకటి, వేగం తగ్గించి బలం పెంచేది ఒకటి. మొదటిది వేయకుండా రెండోది పడేది కాదు. అంత బలాన్ని వెనక ఇరుసు ఒక్కదాని నెత్తిన పెడితే అది విరుగుతుందని పెద్దలు చేసిన కట్టడి.

ఇసుజు వారు శ్రీసిటీలో 2016లో కర్మాగారం తెరిచి, మన రాష్ట్రంలోనే వి-క్రాస్ పికప్ చేయడం మొదలుపెట్టారు. అందులో ఆ రెండు రాడ్లూ కలిసి ఒక గుండ్రటి మీటగా అవతారమెత్తాయి. దాని మీద మూడు గుర్తులు: టూ హై, ఫోర్ హై, ఫోర్ లో. చూడబోతే వామనుడు, అడుగులు మూడు. మొదటి అడుగుతో రహదారులన్నీ కొలుస్తాడు. రెండో అడుగుతో తడి గులకరాళ్లను, వానకు జారే మట్టిబాటలను కాస్త జోరుగానే దాటేస్తాడు. మూడో అడుగు మాత్రం బలి నెత్తి మీదే. భూమిని అణగదొక్కడానికి తప్ప అది లేవదు.

ఆ మూడో అడుగు మర్మం ట్రాన్స్‌ఫర్ కేసు అనే ఇనప గర్భగుడిలో ఉంది. ఫోర్ లో పడగానే అక్కడ అదనంగా ఒక జత పళ్లచక్రాలు రంగంలోకి దిగుతాయి. వేగం దాదాపు 2.5 రెట్లు తగ్గుతుంది, చక్రాలకందే తిప్పుడు బలం అంతే పెరుగుతుంది. 1.9 లీటర్ల ఇంజను పుట్టించే 360 న్యూటన్ మీటర్ల టార్కు మారదు. అది చక్రం చేరే దారి మారుతుంది. తొందరను తాకట్టు పెట్టి బలాన్ని అప్పు తెచ్చుకోవడమన్నమాట.

పంకయుద్ధం

మే నెల. మధ్యాహ్నం దాకా ఎండ, ఆపైన ఉరుముల వాన. తోటలో ప్లాస్టిక్ ట్రేల నిండా సువర్ణరేఖలు వ్యూహం కట్టి పికప్ ఎక్కాయి. గట్టు దాటి మిట్ట ఎక్కితే బాట. కాని ఆ మిట్ట మొదట్లో ఎర్రమట్టి కబంధుడై చేతులు చాచి కూర్చుంది.

మన వీరచోదకుడు ఫోర్ హై వేశాడు. మొదటి గేరు తగిలించాడు. నాలుగు చక్రాలూ ముందుకొచ్చాయి గాని, అంత బరువుతో అంత ఏటవాలు మీద మొదటి గేరు కూడా పెద్దదే. ఇంజను ఆగిపోబోయింది. సగం క్లచ్ మీద పట్టి నిలబెట్టాడు. రైజ్ చేశాడు. ఘర్ఘర డీజిల్ ఘోష దిక్కులు నిండింది, బురద ఆకాశానికెగసి తిరిగొచ్చి అద్దం మీద పడింది, సువర్ణరేఖలు గజగజ వణికాయి. అప్పుడు లేచింది, చెప్పరాని ఆ కమురు వాసన. క్లచ్ ప్లేటు కాలుతోంది.

మామిడిచెట్టు కింద బీడీ ఆర్పి తోట కాపలాదారు లేచాడు. గీతాచార్యుడు పద్దెనిమిది అధ్యాయాలు తీసుకున్నాడు. ఈయన రెండు వాక్యాల్లో తేల్చేశాడు.

"రైజ్ చెయ్యకు నాయనా, ఇంకా దిగిపోద్ది. లో ఎయ్యి, ఇక్కడ దున్నపోతు నడకే నడక."

అస్త్రప్రయోగానికి విధి ఉంది. బండి పూర్తిగా ఆగాలి. క్లచ్ పూర్తిగా తొక్కాలి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. అప్పుడు మీట తిప్పాలి. డాష్‌బోర్డు మీది దీపం మినుకు మినుకుమని, ఆపైన నిలకడగా వెలిగేదాకా ఓపిక పట్టాలి. తర్వాత రెండో గేరు. లోలో మొదటి గేరు బలం బురదకు మరీ ఎక్కువ, చక్రం గిర్రున తిరిగి గొయ్యి తవ్వుకుంటుంది.

అలాగే చేశాడు. క్లచ్ మీంచి కాలు పూర్తిగా తీసేశాడు. ఘోష లేదు, బురద ఎగరలేదు. నాలుగు చక్రాలూ మట్టిని తొందరపడకుండా నమిలాయి. కాపలాదారు పక్కన నడుస్తూ బండిని దాటిపోయి, మిట్ట మీద నిలబడి దాని రాక కోసం ఎదురుచూశాడు. కాలినడకన పోయే ముసలాయన కన్నా వెనక రావడమే విజయమైన యుద్ధం లోకంలో ఇదొక్కటే.

ఫోర్ లో ఎప్పుడంటే సగం క్లచ్ మీద పాకాల్సి వచ్చినప్పుడు. బరువుతో మిట్ట ఎక్కేటప్పుడు, రాళ్ల మీద ఒక్కో చక్రాన్నీ చూసి చూసి పెట్టేటప్పుడు, దిగబడ్డ ఇంకో బండిని తాడు కట్టి లాగేటప్పుడు. మట్టి ఏటవాలు దిగేటప్పుడు కూడా: అక్కడ బ్రేకు తొక్కితే చక్రం బిగుసుకుని జారుతుంది, లో గేరులో ఇంజనే బండిని పట్టుకుని దించుతుంది, క్లచ్ జోలికి పోకుంటే చాలు. ఏజెన్సీ వాగు దాటాలన్నా దిగక ముందే లో వేసుకుని, మధ్యలో గేరు మార్చకుండా సాగిపోవాలి. అయితే మనిషి నడిచి దాటలేని ప్రవాహాన్ని దాటించే గేరు ఇంతవరకు ఎవరూ చేయలేదు.

ఉపసంహారం

పాశుపతం ఇస్తూ అల్పుల మీద వేయవద్దని శివుడు అర్జునుణ్ణి హెచ్చరించాడు. మనకు ఆ అల్పుడు ఎండిన తారురోడ్డు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు పెద్ద వలయంలో పోతాయి, వెనకవి చిన్న వలయంలో. ఈ పికప్‌లలో ముందు ఇరుసును, వెనక ఇరుసును ఫోర్ బై ఫోర్ ఒకే వేగానికి బిగించేస్తుంది. మట్టిలోనైతే చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు జారనివ్వదు. ఇరుసుల మధ్య పెనుగులాట పెరిగి టైర్లు కీచుమంటాయి, స్టీరింగ్ బిగుస్తుంది. అందుకే నర్సీపట్నం దాటి లంబసింగి వైపు ఘాట్ రోడ్డు ఎక్కినా దిగినా, తారు పొడిగా ఉన్నంతసేపు టూ హైలో రెండో గేరే దిక్కు.

మన వీరుడు విజయగర్వంతో అది మరిచాడు. తారు ఎక్కాక కూడా లోలోనే మలుపు తిప్పాడు. బండి గునిసింది. మీట తిప్పాడు, దీపం ఆరలేదు. ఆ దశలో మహాభారతంలో ఇద్దరు నిలబడ్డారు. అర్జునుడు వేసిన అస్త్రాన్ని వెనక్కి తీసుకోగలిగాడు, అశ్వత్థామ తీసుకోలేక దాన్ని ఉత్తర గర్భం మీదికి మళ్లించాడు. వేయడం ఇద్దరికీ వచ్చు. తేడా అంతా వెనక్కి తీయడంలోనే.

అశ్వత్థామకు లేని వెసులుబాటు ఒకటి పికప్‌కు ఉంది: రివర్స్ గేరు. స్టీరింగ్ తిన్నగా పెట్టి నాలుగు గజాలు వెనక్కి పోనిస్తే బిగువు సడలుతుంది. చోదకుడు అలాగే చేశాడు. కింద ఎక్కడో "టక్" మంది. దీపం ఆరింది.

ఫలశ్రుతి

ఈ ఆఖ్యానం చదివిన పికప్ యజమానికి క్లచ్ ప్లేటు దీర్ఘాయువగును. విన్న డ్రైవరుకు ట్రాన్స్‌ఫర్ కేసు విప్పించు యోగము తప్పును. తోట గుత్తకు తీసుకున్నవానికి కాయ నలగక మార్కెట్ చేరును. పక్క సీట్లో కూర్చున్న బావమరిదికి కొంత జ్ఞానము, కొంత నిద్ర కలుగును. మెకానిక్కుకు మాత్రము దీనివలన ఫలమేమియు లేదు. కావున ఆయన దుకాణంలో దీనిని పారాయణ చేయరాదు.