‘ప్రశ్న ఉత్పన్నం కాదు’: టీకా తాత్పర్య సహితం

అవతారిక: హైదరాబాదు రాష్ట్రానికి 1952 ఎన్నికలతో 175 స్థానాల శాసనసభ ఏర్పడి, కాశీనాథరావు వైద్య స్పీకరు కాగా, తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం అన్నీ వినిపించిన ఆ సభకు సింగరేణి బొగ్గు కూడా సర్కారు సొత్తుగానే దక్కింది. ఆ తర్వాత రాష్ట్రాల హద్దులు రెండుసార్లు మారినా ప్రశ్నోత్తరాల సమయం మాత్రం నిలిచింది. కింది మూలం ఏ ఒక్క రోజు కార్యక్రమాల నుంచీ ఎత్తి రాసినది కాదు. అలాంటివి పోతపోసుకునే అచ్చు.

మూలం:
ప్రశ్న – (అ) ఫలానా బస్తీకి తాగునీరు చాలడం లేదన్నది వాస్తవమేనా?
(ఆ) అయినచో, తీసుకున్న చర్యలేవి?
జవాబు – (అ) కాదండి.
(ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు.

ప్రతిపదార్థం: వాస్తవమేనా = (ఉన్నదా అని కాక) ఉన్నదని ఒప్పుకుంటారా; అయినచో = ఒప్పుకున్న పక్షంలో మాత్రమే; కాదండి = కాదు (‘అండి’ మాటను మెత్తబరుస్తుందే గాని అర్థాన్ని కదపదు); ఉత్పన్నం కాదు = పుట్టనే లేదు.

తాత్పర్యం: రెండో భాగం మొదటిదానిపై ఆధారపడినది కనుక, మొదటిదానికి ‘కాదు’ అని బదులు వచ్చిన క్షణానే రెండోదానికి జవాబు చెప్పే భారం తీరిపోతుందని, బస్తీలో బిందెల వరుస ఎంత పొడుగున్నా ఈ లెక్కలోకి రాదని భావం.

విశేషాలు: ఏదీ ఎన్నడూ పుట్టలేదన్న గౌడపాదుల అజాతివాదాన్ని ఇంత క్లుప్తంగా చెప్పిన వాక్యం వేదాంతంలోనూ అరుదు. అయితే సభ్యుడు లేచి అనుబంధ ప్రశ్న, అనగా జవాబు విన్న మీదట దానిపై వేసే ప్రశ్న, అడగవచ్చు కదా అని పూర్వపక్షం. పుట్టని ప్రశ్నకు తమ్ముళ్లు పుట్టడమన్న ఈ వింత స్పీకరు అనుమతితోనే సాధ్యమని సమాధానం.

ఇక వ్యుత్పత్తి. ‘ఉత్’ అంటే పైకి, ‘పద్’ అంటే కదలడం. పైకి వచ్చినది ఉత్పన్నం. ‘ఉత్పత్తి’ కూడా ఈ ధాతువు బిడ్డే. కనుకనే ఈ మాటకు అసలు వ్యాఖ్యానం నిఘంటువులో కాక సింగరేణి బొగ్గు గనులున్న గోదావరిఖనిలో దొరుకుతుంది. అక్కడ గనిని బాయి అంటారు. ఏటవాలు దారిన దిగే బాయి ఇంక్లైన్, దానికి పేరు బదులు అంకె. ఆ దారిన ఇనుప తాడు లాగగా టబ్బు, అనగా పట్టాలపై నడిచే బొగ్గు తొట్టి, చీకటిలోంచి పైకి వస్తే అది ఉత్పత్తి. రాకపోతే లెక్కలో లేదు. బొగ్గును ‘కాదండి’ అని పైకి తేవడం ఇంతవరకు ఎవరి వల్లా కాలేదు.

అదే బాయి మీద ల్యాంపు రూము ఉంటుంది. షిఫ్టుకు దిగేవారు టోపీకి తగిలించుకునే దీపాన్ని అక్కడ తీసుకొని, పైకి వచ్చాక తిరిగి అప్పగిస్తారు. షిఫ్టు విడిచాక ఒక దీపం చోటు ఖాళీగా కనిపిస్తే, ‘వాస్తవమేనా’ అని ఎవరూ అడగరు, ‘అయినచో’ కోసం ఎవరూ ఆగరు, ప్రశ్న ఉత్పన్నమైనట్టే.