కార్డు కాలిపోలేదు

చేయని తప్పుకు ఒక కుర్రాడు నా మూలంగా మాటపడ్డాడు. అతని నిర్లక్ష్యం వల్లే కాలిపోయిందని నేను తేల్చిన నెట్‌వర్క్ కార్డు అసలు కాలనే లేదు. ఆ సంగతి నాకు తెలియడానికి ఐదేళ్లు పట్టింది. నింద నలుగురిలో వేశాను కాబట్టి ఒప్పుకోలు కూడా నలుగురిలోనే ఉండాలి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. శ్రీకాకుళం జిల్లాలో నేను పనిచేసే కాలేజీకి కరెంటు తిరిగొచ్చాక చూస్తే సర్వరు లేవలేదు, హార్డ్ డిస్కు పోయింది. కొత్త డిస్కు బిగించి, అంతకుముందున్న సెంటాస్ 6 ఆపరేటింగ్ సిస్టమ్ బదులు డెబియన్ 9 వేద్దామని కూర్చున్నాను. పక్కన ల్యాబ్ టెక్నీషియన్ ఉన్నాడు, డిప్లొమా ముగించి కొత్తగా చేరిన కుర్రాడు.

పని నెట్‌వర్క్ దగ్గరికి రాగానే తెరమీద ఒక పెట్టె తెరుచుకుంది. ఈ హార్డ్‌వేర్ పనిచేయడానికి ఫర్మ్‌వేర్ ఫైళ్లు కావాలి, అవి ఇందులో లేవు, పెన్‌డ్రైవ్ నుంచి ఇస్తారా అని అడుగుతోంది. కింద బీఎన్ఎక్స్2 అని మొదలయ్యే ఫైలు పేరు.

"ఏటో ఫైలు కావాలంటంది సార్" అన్నాడు కుర్రాడు.

"అవన్నీ అడుగుతూనే ఉంటుందిలే" అని నో కొట్టాను.

నెట్‌వర్క్ రాలేదు. కేబుల్ మార్చాను, స్విచ్‌లో పోర్టు మార్చాను. అయినా రాలేదు. డిస్కు పోయింది కదా, కార్డూ పోయి ఉంటుందని అక్కడికక్కడే తీర్మానించేశాను. తుపానుకు ముందు కేబుల్ తీశావా అని అతన్ని అడిగాను.

"ముందురోజే పీకీసినాను సార్."

నేను నమ్మలేదు. కేబుల్ తీయకుండా వదిలేయడం వల్ల కార్డు కాలిపోయిందని కాగితం మీద రాసి ప్రిన్సిపాల్‌గారికి ఇచ్చాను. స్టాఫ్‌రూములో అందరి ముందూ అదే మాట అన్నాను.

అసలు జరిగిందేమిటంటే, నేను కార్డు అన్నది ఆ సర్వరు బోర్డు మీదే ఉన్న బ్రాడ్‌కామ్ నెట్‌ఎక్స్‌ట్రీమ్ 2 చిప్. దానికి డ్రైవర్ ఒక్కటే చాలదు. లోపల నడిచే చిన్న ప్రోగ్రామును కూడా డ్రైవరే తెచ్చి చిప్‌లోకి ఎక్కించాలి. ఆ ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. దాని సోర్సుకోడ్ బయటకు ఇవ్వలేదు గనుక, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమం ప్రకారం డెబియన్ 2011లో 6వ వెర్షన్ నుంచి అలాంటి ఫైళ్లను కెర్నల్ నుంచి తీసి వేరే ప్యాకేజీల్లో పెట్టింది. సెంటాస్‌లో ఆ ఫైలు ముందే ఉండేది, అందుకే అన్నాళ్లూ నాకు దాని అవసరమే తెలియలేదు. ఫర్మ్‌వేర్-బీఎన్ఎక్స్2 అనే ప్యాకేజీని పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చి ఎస్ అని ఉంటే ఆ పూటే పని అయిపోయేది. ఇన్‌స్టాలర్ నడుస్తుండగా ఆల్ట్ పట్టుకుని ఎఫ్4 నొక్కితే లాగ్ కనిపిస్తుంది. ఏ ఫైలు అడిగిందో, ఎక్కడ దొరకలేదో అందులో వరసగా ఉంటుంది. అదీ నేను చూడలేదు.

నా తప్పును నాకు కనపడకుండా చేసింది ఆ తర్వాత జరిగిన పని. ఒక ఇంటెల్ కార్డు కొనుక్కొచ్చి స్లాట్‌లో పెట్టాను. ఆ కార్డు డ్రైవర్‌కు బయటి ఫైలేదీ అక్కర్లేదు. ఇన్‌స్టాలర్ మళ్లీ అదే ప్రశ్న అడిగింది, మళ్లీ నో కొట్టాను, నెట్‌వర్క్ వచ్చేసింది. పాత కార్డు కాలిపోయిందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి అనుకున్నాను. తాయెత్తు కట్టాక తగ్గిన జ్వరం లాంటి రుజువది. మందు పనిచేసినంత మాత్రాన రోగం పేరు సరిగ్గా చెప్పినట్టు కాదు.

2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి, ఇన్‌స్టాలర్‌లో ఫర్మ్‌వేర్ కూడా కలిపి ఇవ్వాలని నిర్ణయించారు. 2023 జూన్ 10న వచ్చిన డెబియన్ 12 నుంచి అది అమలైంది. ఆ ఏడే అదే సర్వరు మీద డెబియన్ 12 వేశాను. ఈసారి ఏ పెట్టే తెరుచుకోలేదు. ఏ ఇంటర్‌ఫేస్ వాడాలో ఎంచుకోమని జాబితా వచ్చింది. అందులో ఇంటెల్ కార్డుతో పాటు ఈఎన్ఓ1, ఈఎన్ఓ2, ఈఎన్ఓ3, ఈఎన్ఓ4 ఉన్నాయి. ఈఎన్ఓ అంటే బోర్డు మీదే ఉన్న పోర్టు. కాలిపోయాయని నేను రాసిచ్చినవి ఆ నాలుగే. మొదటిదానికి కేబుల్ పెట్టాను, ఐపీ అడ్రసు వచ్చింది. కాళ్లూ చేతులూ ఆడలేదు.

కుర్రాడు అప్పటికే ఉద్యోగం మారి విశాఖ వెళ్లిపోయాడు. ఫోన్ చేసి జరిగింది చెప్పి, క్షమించమన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాను అప్పుడే సెప్పినాను కద సార్" అన్నాడు. అందులో కోపం లేదు, అందుకే ఎక్కువ తగిలింది. మర్నాడు ప్రిన్సిపాల్‌గారికి ఇంకో కాగితం ఇచ్చాను: కార్డు బాగానే ఉంది, కేబుల్ తీయలేదన్న నా మాట అబద్ధం, తప్పు నాది. పాత కాగితం ఉన్న ఫైల్లోనే దాన్నీ పెట్టించాను.

ఫర్మ్‌వేర్ సంగతి తెలియకపోవడాన్ని మూర్ఖత్వం అనను. తెలియనివి ఎప్పుడూ ఉంటాయి, అడిగి తెలుసుకోవచ్చు. ఏం కావాలో యంత్రం అక్షరాలా చెప్పింది, కుర్రాడు దాన్ని పైకి చదివాడు. ఇద్దరి మాటా కొట్టిపారేసి, ముందు కారణాన్ని, ఆపైన దోషినీ నేనే తయారుచేసుకోవడం మూర్ఖత్వం. ఇప్పుడు మా ల్యాబ్‌లో ఇన్‌స్టలేషన్ ఆగితే, అక్కడున్నవాళ్లలో చిన్నవాళ్ల చేత తెరమీది మాటలు పూర్తిగా చదివిస్తాను. వాటి అర్థం తేలేదాకా ఎవరూ ఏ కేబులూ ముట్టుకోరు, ఎవరి పేరూ ఎత్తరు.