జంపర్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "ఇతర పరికరములతో విరోధింపని ఐఆర్‌క్యూ సంఖ్యను ఎంచుకొనునది."

అవతారిక: 1990ల నాటి నెట్‌వర్క్ కార్డు పెట్టెలో వచ్చే పల్చటి పుస్తకంలో విధివాక్యమంటూ ఉన్నది ఇదొక్కటే. తక్కినదంతా కొన్నందుకు ధన్యవాదాలు.

టీక: ఐఆర్‌క్యూ అనగా కార్డు ప్రాసెసర్‌ను పిలిచే గీత. దాని సంఖ్యను కార్డు మీది జంపర్ అనే చిన్న తొడుగుతో ఎంచుకునేవారు. "ఇతర పరికరములు" ఏవో సూత్రకారుడు చెప్పడు. గ్రంథాంతరాలను బట్టి 0 గడియారానిది, 1 కీబోర్డుది, 6 ఫ్లాపీది, 14 హార్డ్ డిస్కుది. ఇవి స్పష్టములు. 2 దగ్గర మాత్రం ఆగాలి.

1981 నాటి ఐబీఎం పీసీలో గీతలు ఎనిమిదే. 1984లో ఐబీఎం ఏటీ వచ్చినప్పుడు రెండో 8259 చిప్పును మొదటిదానికి తగిలించడానికి 2 ఖర్చయిపోయింది. స్లాటులో దాని చోటికి 9 వచ్చింది. 9 మోగితే బయాస్ దాన్ని 2 వైపు మళ్లిస్తుంది. వైయాకరణులారా, ఇది స్థానివద్భావం కాక మరేమిటి! ఆదేశం తాను ఎవరి చోట వచ్చిందో ఆ స్థాని లాగే ప్రవర్తిస్తుంది. మినహాయింపు లేదా అని పూర్వపక్షి అడగవచ్చు. అష్టాధ్యాయిలోనూ ఉంది, ఇక్కడా ఉంది. బయాస్‌ను పక్కకు నెట్టి నడిచే లినక్స్ వంటి వాటిలో 9 అంటే 9 మాత్రమే. కార్డు మీద 2 అని అచ్చయి ఉన్నా సరే.

ఇక "విరోధింపని". సమబలం గల రెండు సూత్రాలు తలపడితే తర్వాతిదే గెలుస్తుందని పాణిని తేల్చాడు. ఈ కార్డులు కూర్చునే ఐసా స్లాట్లలో పూర్వమూ గెలవదు, పరమూ గెలవదు. ఒక కార్డు గీతను ఎత్తిపట్టి ఉండగా రెండోదాని పిలుపు చిప్పుకు వినపడదు. మౌసు, నెట్‌వర్క్ కార్డు ఒకే గీత మీద ఉంటే, మౌసు కదిపితే ఫైలు బదిలీ ఆగిపోతుంది.

అదలా ఉంచి, ఎన్ఈ2000 నకలు నెట్‌వర్క్ కార్డులను 3 మీద పెట్టి ఎందుకు పంపేవారు? రెండో సీరియల్ పోర్టు కామ్2 ఉండేది అక్కడేనని తయారీదారుకు తెలియదా? తెలిసే, విరోధం తానే పెట్టి, విరోధింపనిది నువ్వు వెతుక్కోమంటాడు. ఏ గీత ఎవరిదో చెప్పే పట్టిక అచ్చు వేస్తే అరపేజీ. అవసరం లేనిది చెప్పనన్నాడు మల్లినాథ సూరి. ఈయన అవసరమైనదీ చెప్పడు. పైగా "ఎంచుకొనునది"!

తాత్పర్యం: సౌండ్ కార్డు లేకుంటే 5 పెట్టండి. ఉంటే 10. మీది ఎనిమిది బిట్ల కార్డయితే 10 దానికి అందదు. అప్పుడు కామ్2ను బయాస్‌లో ఆపేసి 3నే వాడుకోండి.